మూడు రకాల కార్లు, ఒకే గ్రిడ్: మా క్లబ్ రేసులకు బ్యాలెన్స్ కుదిర్చిన కేస్ స్టడీ

మా ఆన్‌లైన్ రేసింగ్ క్లబ్‌లో వారానికి ఒక రాత్రి రేసు ఉంటుంది. గేమ్ అసెట్టో కోర్సా. గ్రిడ్‌లో (రేసు మొదలయ్యే వరుసలో) మామూలుగా 16 నుంచి 20 మంది ఉంటాం. చాలాకాలం అందరం ఒకే కారు నడిపాం. అందరిదీ ఒకే కారైతే బ్యాలెన్స్, అంటే కార్లని సమానం చేయడం, అన్న మాటే రాదు. ఎవరి చేతిలో ఎంత పనితనం ఉంటే అంత. కానీ నెలల తరబడి అదే కారు నడిపేసరికి జనం మెల్లగా రావడం మానేశారు. "నాకు నచ్చిన కారు తెచ్చుకోనిస్తే వస్తాను" అన్నవాళ్ళు ఎక్కువయ్యారు. దాంతో మూడు రకాల కార్లతో ఒక సీజన్ పెడదామనుకున్నాం. ఆ మూడింటినీ సమానం చేసే పని నేను నెత్తికెత్తుకున్నాను.

కార్ల మోడళ్ళ పేర్లు కావాలనే రాయడం లేదు. మీ క్లబ్‌లో వేరే కార్లు ఉంటాయి కాబట్టి, వాటి స్వభావం తెలిస్తే చాలు. మొదటిది ముందు చక్రాలతో లాగే టర్బో హ్యాచ్‌బ్యాక్, సుమారు 1,050 కిలోలు, 190 హార్స్ పవర్. రెండోది పైకప్పు లేని తేలికపాటి రోడ్‌స్టర్, సుమారు 800 కిలోలు, 160 హార్స్ పవర్. మూడోది బరువైన కూపే, సుమారు 1,300 కిలోలు, 260 హార్స్ పవర్. రోడ్‌స్టర్, కూపే రెండూ వెనక చక్రాలతో నడిచేవే.

ఆ అంకెలు ఇంకోసారి చూడండి. రోడ్‌స్టర్‌లో ఒక్కో హార్స్ పవర్‌కి 5 కిలోలు. కూపేలోనూ సరిగ్గా 5 కిలోలే. హ్యాచ్‌లో ఐదున్నర. కాగితం మీద ఇవి ఒక జట్టుకు చెందిన కార్లలాగే కనిపించాయి. నేను మొదట మోసపోయింది అక్కడే.

మొదటి ప్రయత్నం

సర్వర్‌లో మన చేతిలో ఉండే మీటలు తక్కువే. ఎంట్రీ లిస్ట్ ఫైల్‌లో (రేసులో ఉండే కార్ల జాబితాలో) ఒక్కో కారుకి రెండు వరుసలుంటాయి, బ్యాలస్ట్, రిస్ట్రిక్టర్ అని. బ్యాలస్ట్ అంటే కిలోల్లో అదనపు బరువు. రిస్ట్రిక్టర్ అంటే ఇంజన్‌కి గాలి అందకుండా గొంతు నొక్కడం. ఇవి కాక ఏ టైర్లు అనుమతించాలి, టైర్ల అరుగుదల, ఇంధనం ఖర్చు ఎంత వేగంగా ఉండాలి అన్నవి సర్వర్ మొత్తానికి పెట్టుకోవచ్చు. గ్రాన్ టురిస్మో 7 లాంటి గేమ్‌లో అయితే 200 కిలోల వరకు బరువు పెట్టి, దాన్ని ముందుకో వెనక్కో జరపొచ్చు కూడా. ఐరేసింగ్‌లో సొంతంగా పెట్టుకునే రేసుల్లోనూ ఒక్కో కారు బరువు, శక్తి మార్చుకోవచ్చు. ఏ గేమైనా పని చేసే పద్ధతి మాత్రం ఒకటే.

మా క్లబ్‌లో అందరికంటే వేగంగా నడిపే కుర్రాడిని పిలిచి, మజియోనే ట్రాక్ మీద మూడు కార్లూ నడపమన్నాను. అది రెండున్నర కిలోమీటర్ల చిన్న ట్రాక్, మలుపులు ఎక్కువ. ఒక్కో కారులో అతను పెట్టిన బెస్ట్ ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) తీసుకుని, వేగంగా ఉన్న కారుకి బరువు పెంచుకుంటూ పోయాను. రెండు రాత్రులు కూర్చుంటే మూడు కార్లూ పదో వంతు సెకను తేడాలోకి వచ్చేశాయి. పని అయిపోయిందనుకున్నాను.

మొదటి రేసు అదే ట్రాక్ మీద. మూడో ల్యాప్‌కే ముందు ఒక కూపే, దాని వెనక నలుగురు రోడ్‌స్టర్లు పడవ వెనక తాడుతో కట్టినట్టు వరుసగా. ప్రతి మలుపులోనూ రోడ్‌స్టర్లు కూపే బంపర్‌కి తగిలేంత దగ్గరికొచ్చేవి. మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కగానే కూపే దూరంగా వెళ్ళిపోయేది. మళ్ళీ మలుపు, మళ్ళీ బంపర్. ఎవరికీ దాటే వీలు లేదు. ఎనిమిదో ల్యాప్‌లో ఓపిక నశించిన ఒకరు లోపలివైపు దూరారు, ముగ్గురు గడ్డిలోకి పోయారు. ఆ రాత్రి స్టీవార్డ్‌ల (రేసు తగవులు తేల్చేవాళ్ళ) దగ్గరికి 11 ఫిర్యాదులొచ్చాయి.

రెండో రేసు మోంజాలో. 5.793 కిలోమీటర్ల ట్రాక్, పొడవాటి స్ట్రెయిట్‌లు (మలుపుల్లేని తిన్నని దారులు). అక్కడ గొడవే జరగలేదు, ఎందుకంటే పోటీయే లేదు. కూపేలు ముందుకెళ్ళిపోయాయి, మొదటి ఆరు స్థానాలూ వాటివే. రేసయ్యాక ఒక రోడ్‌స్టర్ డ్రైవర్ వాయిస్ చాట్‌లో నెమ్మదిగా అన్న మాట నాకింకా గుర్తుంది: "అన్నా, స్ట్రెయిట్‌లో వాళ్ళు వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చోవడమేనా నా పని?"

సమాధానం చెప్పలేకపోయాను. ఆ వారం రేసు రద్దు చేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

ఎక్కడ పొరపాటు జరిగింది

బరువుకీ శక్తికీ ఉన్న నిష్పత్తి మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు తొందరగా అందుకోవడం గురించి మాత్రమే చెబుతుంది. వేగం పెరిగేకొద్దీ కారు పోరాడేది బరువుతో కాదు, గాలితో. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. రెండు కార్లకీ గాలి నిరోధం ఒకేలా ఉందనుకుంటే, 160 హార్స్ పవర్ కారు కంటే 260 హార్స్ పవర్ కారు గరిష్ఠ వేగం దాదాపు 18 శాతం ఎక్కువ ఉంటుంది, బరువు ఎంతైనా సరే. పైకప్పు లేని రోడ్‌స్టర్‌కి గాలి దెబ్బ ఇంకా ఎక్కువ. కాబట్టి కూపేకి ఎంత బరువు పెట్టినా స్ట్రెయిట్ చివర అది అలాగే వెళ్ళిపోతుంది. నేను పెట్టిన బరువు దాన్ని ముఖ్యంగా మలుపుల్లోనే ఇంకాస్త నెమ్మది చేసింది. అంటే ఇప్పటికే మలుపుల్లో అడ్డంగా ఉన్న కారుని ఇంకా అడ్డంగా నిలబెట్టాను.

ల్యాప్ టైమ్ ఒకటే అయినా, ఆ సమయం ఎక్కడ సంపాదించారన్నదే రేసుని నిర్ణయిస్తుంది. ఒక కారు స్ట్రెయిట్‌లో సెకను సంపాదించి, ఇంకో కారు అదే సెకను మలుపుల్లో సంపాదిస్తే, స్ట్రెయిట్‌లో సంపాదించేవాడిదే పైచేయి. దాటడం జరిగేది స్ట్రెయిట్‌లో, బ్రేకింగ్‌లో. మలుపు మధ్యలో ముందున్న కారు మీదుగా ఎగిరి పోలేం కదా.

బ్రేకింగ్ సంగతి ఇంకా ప్రమాదకరం. మోంజా మొదటి చికేన్ (వేగం తగ్గించడానికి పెట్టిన, అటూ ఇటూ తిరిగే ఇరుకు మలుపులు) లెక్క వేసి చూశాను. మెయిన్ స్ట్రెయిట్ చివర మా టెలిమెట్రీలో (కారు వేగం, యాక్సిలరేటర్, బ్రేక్ నమోదయ్యే రికార్డులో) రోడ్‌స్టర్ 199, హ్యాచ్ 211, కూపే 231 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాయి. చికేన్‌లోకి సుమారు 70తో దిగాలి. కూపే 1.1 జీతో, రోడ్‌స్టర్ 1.2 జీతో బ్రేక్ వేయగలవనుకుందాం (ఒక జీ అంటే భూమి ఆకర్షణ బలమంత). గాలి నిరోధం పక్కన పెడితే కూపేకి 173 మీటర్లు కావాలి, రోడ్‌స్టర్‌కి 114 మీటర్లు చాలు. దాదాపు 60 మీటర్ల తేడా! అంటే వెనక రోడ్‌స్టర్ నడిపేవాడు ఇంకా యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి ఉండగానే, ముందున్న కూపే బ్రేక్ లైట్లు వెలుగుతాయి. వాడి తప్పేమీ లేదు, వాడి కారుకి ఇంకా బ్రేక్ వేసే చోటు రాలేదు. ఆన్‌లైన్‌లో అవతలి కారు మన తెర మీద కనిపించే చోటు నెట్‌వర్క్ ఆలస్యం వల్ల కాస్త అటూ ఇటుగా ఉంటుంది కాబట్టి ఇది ఇంకా టెన్షన్ పెట్టే వ్యవహారం.

ఇంకో చిన్న లెక్క. గంటకి 220 కిలోమీటర్ల వేగంలో 0.2 సెకను అంటే 12 మీటర్లు, హాయిగా ఊపిరి తీసుకునేంత దూరం. అదే 0.2 సెకను 70 కిలోమీటర్ల వేగంలో నాలుగు మీటర్ల కంటే తక్కువ, అంటే ఒక కారు పొడవు కూడా కాదు. ఒకే రకం కార్లలో ఈ దగ్గరపడటం అందరికీ ఒకేలా ఉంటుంది, అలవాటైపోతుంది. వేర్వేరు కార్లలో అది ఎవరితో ఉన్నామన్న దాన్ని బట్టి మారుతుంది. మొదటి రాత్రి గుద్దుకోవడాలన్నీ దాదాపు ఇక్కడే జరిగాయి.

ఇవి చూశాక నా లక్ష్యం మారింది. ల్యాప్ టైమ్ సమానం చేయడం చివరి మెట్టు. ముందు స్ట్రెయిట్ చివరి వేగం, తర్వాత బ్రేక్ వేసే చోటు, ఆ తర్వాత మలుపు మధ్యలో కనిష్ఠ వేగం. ఈ మూడూ దగ్గరికొస్తే ల్యాప్ టైమ్ దానంతటదే చాలావరకు దగ్గరపడుతుంది.

ఎవరిని నడపమనాలి

మొదటిసారి చేసిన రెండో తప్పు, క్లబ్‌లో అందరికంటే వేగంగా నడిపేవాడితో పరీక్షించడం. అతను ఏ కారునైనా చివరి అంచు దాకా తీసుకెళ్ళగలడు. మిగతావాళ్ళం అలా కాదు. ఈసారి వరుసలో మధ్యస్థంగా ఉండే ఆరుగురిని తీసుకున్నాను. అందరికంటే వేగంగా నడిపే కుర్రాడు కూడా నడిపాడు, కానీ అతని అంకెలు పోల్చి చూసుకోవడానికే.

ఒక్కొక్కరూ మూడు కార్లూ నడపాలి, ఒక్కోదానిలో 12 ల్యాప్‌లు. అందరికీ 20 లీటర్ల ఇంధనం, ఒకే వాతావరణం, ట్రాక్ గ్రిప్ మారకుండా ఒకే స్థాయిలో. మొదటి మూడు ల్యాప్‌లు వదిలేసి, మిగతా తొమ్మిదింటిలో మధ్య విలువ తీసుకున్నాను. బెస్ట్ ల్యాప్ తీసుకోలేదు, ఎందుకంటే అది ఒక్కోసారి అదృష్టం. కార్లు నడిపే వరుస ఒక్కొక్కరికీ మార్చాను. లేకపోతే ట్రాక్ అలవాటయ్యాక చివర నడిపిన కారే వేగమైనదని తేలుతుంది.

ముఖ్యమైనది ఏంటంటే, ఒకరి టైమ్‌ని ఇంకొకరి టైమ్‌తో పోల్చలేదు. ఒక మనిషి కూపేలో ఎంత, అదే మనిషి హ్యాచ్‌లో ఎంత, ఈ తేడానే చూశాను. మా క్లబ్‌లో వేగంగా నడిపేవాళ్ళు ఎక్కువమంది కూపే ఎంచుకున్నారు. రేసు ఫలితాలు మాత్రమే చూసి కూపేని శిక్షిస్తే, కారుని కాదు, దాన్ని నడిపేవాళ్ళ పనితనాన్ని శిక్షించినట్టవుతుంది.

ఈ అంకెలు నా కళ్ళు తెరిపించాయి. బ్యాలస్ట్ ఏమీ లేకుండా వాలెలుంగా ట్రాక్ మీద మా వేగవంతమైన కుర్రాడికి రోడ్‌స్టర్ హ్యాచ్ కంటే 0.1 సెకను వేగం. మధ్యస్థ డ్రైవర్లకి అదే రోడ్‌స్టర్ హ్యాచ్ కంటే 0.6 సెకను నెమ్మది. హ్యాచ్ ముందు చక్రాల కారు, తప్పు చేస్తే కాస్త వెడల్పుగా పోతుంది, కాలు తీస్తే మళ్ళీ దారిలోకి వస్తుంది. రోడ్‌స్టర్ అలా క్షమించదు. మలుపు మధ్యలో కాలు తీస్తే వెనక భాగం తిరుగుతుంది. అందుకని మధ్యస్థ డ్రైవర్ ఎప్పుడూ రెండు మూడు శాతం గ్రిప్ వాడకుండా వదిలేస్తాడు. బ్యాలెన్స్ ఎవరి కోసం కుదర్చాలన్నది ముందే తేల్చుకోవాలి. నేను మధ్య వరుస కోసమే కుదిర్చాను. క్లబ్ నడిచేది వాళ్ళ వల్లే.

ఎవరైనా కావాలని నెమ్మదిగా నడిపి తమ కారుకి మేలు జరిగేలా చూసుకుంటారన్న భయం ఒకటుంది. దానికి నేను పెద్దగా కంగారు పడను. ల్యాప్ టైమ్ దాచడం తేలిక, టెలిమెట్రీలో దాచడం కష్టం. స్ట్రెయిట్ మధ్యలో యాక్సిలరేటర్ 90 శాతం ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. సందేహం ఉన్న చోట పరీక్ష అంకెలు పక్కన పెట్టి, రేసులో ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు పెట్టిన ల్యాప్‌లు చూసుకున్నాను. రేసులో ఎవరూ కావాలని ఓడిపోరు.

మీటలు ఏ వరుసలో తిప్పాలి

బ్యాలస్ట్, రిస్ట్రిక్టర్ రెండూ తీసేసేవే, ఇచ్చేవి కావు. కాబట్టి ఒక కారుని ఆధారంగా పెట్టుకుని దాన్ని ముట్టకూడదు. అన్ని విషయాల్లోనూ మధ్యలో ఉన్నది హ్యాచ్, అందుకే అది ఆధారం.

ముందు కూపే రిస్ట్రిక్టర్. మోంజా స్ట్రెయిట్ చివర 231 నుంచి 219కి తేవాలనుకున్నాను. ఘనం లెక్క ప్రకారం దానికి శక్తిలో దాదాపు 15 శాతం తగ్గాలి. స్ట్రెయిట్ చివర కూడా కారు ఇంకా వేగం పుంజుకుంటూనే ఉంటుంది కాబట్టి ఈ లెక్క ఉజ్జాయింపే. సర్వర్‌లో పెట్టే రిస్ట్రిక్టర్ అంకెని శక్తి శాతం అనుకోకండి. ఒక అంకె పెట్టడం, నడపడం, వేగం చూడడం, మళ్ళీ మార్చడం, అంతే. ఒక మాట గుర్తుంచుకోవాలి: నిజమైన ఇంజన్‌లోనూ గాలి రిస్ట్రిక్టర్ ఎక్కువ ఆర్‌పీఎమ్ (ఇంజన్ తిరిగే వేగం) దగ్గరే గట్టిగా పట్టుకుంటుంది, తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర అంతగా తెలియదు. మా కూపే కూడా అలాగే ప్రవర్తించింది. స్ట్రెయిట్ చివర వేగం పోయింది, నెమ్మది మలుపు నుంచి బయటికొచ్చే లాగుడు చాలావరకు మిగిలింది. నాకు కావలసిందీ అదే.

కూపే 219కి వచ్చాక ల్యాప్ మొత్తం మీద హ్యాచ్ కంటే సెకనుకు పైగా వెనకబడింది. ఇప్పుడు దానికి మలుపుల్లో ఏదైనా తిరిగి ఇవ్వాలి. బరువు తీయలేం. ఇక్కడ నాకు బాగా పనికొచ్చింది టైర్లు. కూపేకి ఒక మెట్టు మెత్తటి టైర్ అనుమతించాను, రోడ్‌స్టర్‌కి ఒక మెట్టు గట్టి టైర్ మాత్రమే. అనుమతించిన టైర్ల జాబితా సర్వర్ మొత్తానికి ఒకటే ఉంటుంది. అయినా మా మూడు కార్లలో టైర్ రకాల పేర్లు వేరు కాబట్టి ఒక్కో కారుకి సరిగ్గా ఒక్కటే దక్కేలా జాబితా రాయగలిగాను. అలా కుదరకపోతే క్లబ్ నియమంగా పెట్టుకుని రేసయ్యాక సరిచూసుకోవచ్చు.

టైర్ మార్పు బరువు కంటే ఎందుకు మేలంటే, అది బ్రేకింగ్, మలుపు వేగం రెండింటినీ ఒకేసారి దగ్గరికి తెస్తుంది, స్ట్రెయిట్‌ని దాదాపు ముట్టదు. ఇందాకటి చికేన్ లెక్క మళ్ళీ వేస్తే, 219తో వచ్చే కూపే 1.15 జీతో 147 మీటర్లలో 70కి దిగుతుంది. గట్టి టైర్ల రోడ్‌స్టర్ 1.12 జీతో 122 మీటర్లలో. 60 మీటర్ల తేడా 25కి వచ్చింది. ఇంకా తేడా ఉంది, కానీ ఇది మనిషి కళ్ళతో చూసి సర్దుకోగలిగిన తేడా.

ఆఖరున బరువు, అదీ చిన్న చిన్న మోతాదుల్లో. ఒకే బరువు అన్ని కార్లకీ ఒకే శిక్ష కాదు. 40 కిలోలు అంటే 800 కిలోల రోడ్‌స్టర్‌కి 5 శాతం, కూపేకి 3 శాతమే. పైగా టైర్ మీద భారం పెరిగినంతగా గ్రిప్ పెరగదు. అందుకే బరువు మలుపుల్లో రెండు రకాలుగా కొడుతుంది. మోంజాలో రోడ్‌స్టర్‌కి అసలు బరువు పెట్టలేదు. మజియోనేలో 25 కిలోలు పెట్టాను. రెండు ట్రాక్‌లకి రెండు పట్టికలు రాసుకున్నాను. నిజమైన రేసింగ్‌లోనూ అంతే. 2006లో మొదలైన జీటీ3 అనే స్పోర్ట్స్ కార్ల తరగతిలో రకరకాల కార్లని కలిపి నడిపించేది బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ అనే ఈ పద్ధతే. అక్కడా ట్రాక్ స్వభావాన్ని బట్టి అంకెలు మారుస్తారు. ఒకే పట్టిక అన్ని ట్రాక్‌లకీ సరిపోవాలని పట్టుబట్టడం వృథా ప్రయాస.

మోంజాలో రోడ్‌స్టర్ 199 దగ్గరే ఉండిపోయింది కదా, కూపే కంటే 20 తక్కువ కదా అని అడగొచ్చు. ఆ తేడాని స్లిప్‌స్ట్రీమ్ చాలావరకు పూడుస్తుంది. ముందున్న కారు గాలిని చీల్చిపెడితే అందరికంటే ఎక్కువ మేలు జరిగేది గాలి దెబ్బ ఎక్కువ తినే రోడ్‌స్టర్‌కే. గుంపులో ఉన్నంతసేపు రోడ్‌స్టర్లు వెనక తగులుకునే ఉన్నాయి. ఒంటరిగా పడితే మాత్రం కష్టమే. ఆ ఇబ్బంది పూర్తిగా పోగొట్టలేకపోయాను.

అరగంట నడిపితే తెలిసేవి

మా రేసు 30 నిమిషాలు. మోంజాలో దాదాపు 14 ల్యాప్‌లు. 12 ల్యాప్‌ల పరీక్షలో కనిపించని రెండు సంగతులు ఇందులో బయటపడ్డాయి.

ఒకటి ఇంధనం. అరగంటకి కూపే సుమారు 45 లీటర్లతో బయల్దేరాలి, రోడ్‌స్టర్‌కి 25 చాలు. లీటరు పెట్రోలు ముప్పావు కిలో అనుకుంటే, గ్రిడ్ మీద నిలబడ్డప్పుడే కూపే 15 కిలోలు ఎక్కువ మోస్తోంది. చివరి ల్యాప్‌కి ఆ బరువు పోతుంది. అందరికీ 20 లీటర్లతో చేసిన నా పరీక్ష కూపేకి రేసు మొదట్లో లేని మేలు చేసిపెట్టింది.

రెండోది టైర్లు. హ్యాచ్‌లో ముందు టైర్లే లాగాలి, తిప్పాలి, బ్రేకింగ్‌లో ఎక్కువ భారం మోయాలి. 20 నిమిషాలయ్యేసరికి ల్యాప్‌కి 0.7 సెకను పోయింది. మెత్తటి టైర్ల కూపే ఇంకా ఎక్కువ, 0.9 పోగొట్టుకుంది, ఇంధనం తేలికవుతున్నా సరే. రోడ్‌స్టర్ 0.3 మాత్రమే. అంటే క్వాలిఫయింగ్‌లో (గ్రిడ్ స్థానాలు తేల్చే ల్యాప్‌లలో) సమానంగా ఉన్న కార్లు రేసు చివర్లో సమానంగా లేవు. రోడ్‌స్టర్ చివరి పది నిమిషాల్లో తరుముకొస్తుంది.

దీన్ని మొదట లోపం అనుకున్నాను. టైర్ల అరుగుదల కాస్త తగ్గించి చూశాను కూడా. కానీ పరీక్ష రేసులో ఒకటి గమనించాను. ముందు పది నిమిషాలు కూపేలు ముందుంటే, చివర్లో రోడ్‌స్టర్లు వస్తుంటే, హ్యాచ్‌లు మధ్యలో టైర్లు కాపాడుకుంటూ నడుస్తుంటే, ప్రతి ఒక్కరికీ రేసులో తమ సమయం అంటూ ఒకటి ఉంది. అందుకని లక్ష్యాన్ని ఇలా మార్చుకున్నాను: ఏ ఒక్క ల్యాప్ టైమ్ సమానం కానక్కర్లేదు, 14 ల్యాప్‌ల మొత్తం సమయం మూడు కార్లకీ 4 సెకన్ల లోపు తేడాలో ఉండాలి. దానికోసం కూపే రిస్ట్రిక్టర్ ఒక మెట్టు సడలించాను, హ్యాచ్‌ని అలాగే ఉంచాను, రోడ్‌స్టర్‌కి మలుపులెక్కువున్న ట్రాక్‌ల మీద ఇంకో 10 కిలోలు కలిపాను.

సెటప్‌ల (ఎవరికి వారు కారులో చేసుకునే సర్దుబాట్ల) విషయంలో ఎక్కువ చెప్పడానికి లేదు. ఇంధనం, బ్రేక్ బయాస్ (ముందు, వెనక బ్రేకుల మధ్య బలం పంపకం), టైర్ ప్రెషర్ మాత్రం మార్చుకోనిచ్చి మిగతావి అందరికీ ఒకటే ఉంచాం. లేకపోతే రాత్రంతా సెటప్ మీద కూర్చునేవాడు నా అంకెలన్నీ తలకిందులు చేస్తాడు.

కారు బ్యాలెన్స్, మనిషి హ్యాండిక్యాప్

ఈ రెండింటినీ కలపకూడదని నా గట్టి అభిప్రాయం. కార్లని సమానం చేయడం ఒక పని. వరుసగా గెలిచే మనిషికి కాస్త భారం పెట్టడం వేరే పని. రెండింటికీ బ్యాలస్ట్‌నే వాడితే కొన్ని వారాలకి ఏ కిలో దేనికో ఎవరికీ తెలియదు. జపాన్ సూపర్ జీటీ రేసుల్లో గెలిచినవాళ్ళు మోసే సక్సెస్ వెయిట్‌ని సీజన్ చివరి రేసుకి తీసేస్తారు. బ్రిటన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ అయితే 2022లో గెలిచినవాళ్ళకి బరువు పెట్టడం మానేసి, 2024 దాకా హైబ్రిడ్ శక్తి వాడకాన్ని తగ్గించే పద్ధతి నడిపింది.

మేము మనుషుల కోసం బరువు వాడలేదు. రాత్రికి రెండు రేసులు పెట్టి, రెండో రేసుకి మొదటి రేసులో మొదటి ఎనిమిది స్థానాలు తిరగేశాం. సర్వర్‌లో దానికి సదుపాయం ఉంది. వేగంగా నడిపేవాడు వెనక నుంచి రావాలి, కారు మాత్రం అదే కారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

అంకెలు మార్చే విషయంలో మూడు నియమాలు పెట్టుకుని వాటికి కట్టుబడ్డాను. రెండు రేసు రాత్రులకి ఒకసారే మార్పు. ఒకసారికి 10 కిలోలకి మించి లేదు. మార్పుతో పాటు దానికి కారణమైన వేగాలు, సెక్టార్ టైమ్‌లు (ట్రాక్‌ని భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగానికి చూసే సమయాలు) రెండు రోజుల ముందు అందరికీ చూపించాలి. మూడోదే అన్నిటికంటే ముఖ్యం. మొదట్లో అంకె మార్చిన ప్రతిసారీ "మా కారుకే ఎందుకు?" అన్న ప్రశ్న వచ్చేది. సెక్టార్ టైమ్‌లు పక్కపక్కన పెట్టి చూపించడం మొదలుపెట్టాక ఆ ప్రశ్న మారింది. "చివరి సెక్టార్‌లో మనం అంత నెమ్మదా? లైన్ ఏదైనా తప్పుతోందా?" అని అడగసాగారు. ఒక హ్యాచ్ డ్రైవర్ అయితే వాలెలుంగాలో కారు నెమ్మదని అడిగి, తన టెలిమెట్రీ చూసుకుని, రెండు మలుపుల్లో ఎపెక్స్‌కి (మలుపు లోపలి అంచుని తాకే చోటుకి) చాలా ముందే లోపలికి తిరుగుతున్నానని తనే కనిపెట్టాడు. 0.4 సెకను అక్కడే దొరికింది. ఆ వారం హ్యాచ్ అంకె మార్చాల్సిన అవసరమే రాలేదు.

ఫలితం

మళ్ళీ మోంజా వచ్చింది. మొదటి పది స్థానాల్లో నాలుగు కూపేలు, మూడు హ్యాచ్‌లు, మూడు రోడ్‌స్టర్లు. నాకు దానికంటే ఎక్కువ తృప్తినిచ్చింది ఐదో స్థానం కోసం జరిగిన పోరు. కూపే, హ్యాచ్, రోడ్‌స్టర్ మూడూ ఒకదాని వెనక ఒకటి ఆరు ల్యాప్‌లు నడిచాయి. స్ట్రెయిట్‌లో కూపే కాస్త దూరం జరిగేది, లెస్మో మలుపుల్లో రోడ్‌స్టర్ దగ్గరికొచ్చేది, అస్కారీ చికేన్ దగ్గర హ్యాచ్ టైర్లు జారుతూ కనిపించేవి. పన్నెండో ల్యాప్‌లో చివరి మలుపు పారాబోలికా నుంచి రోడ్‌స్టర్ బాగా బయటికొచ్చి, హ్యాచ్ స్లిప్‌స్ట్రీమ్ పట్టుకుని, చికేన్ ముందు లోపలివైపు తీసుకుంది. హ్యాచ్ చోటిచ్చింది. రెండూ పక్కపక్కనే చికేన్ దాటాయి, తగల్లేదు. నెలల కిందట "చూస్తూ కూర్చోవడమేనా" అని అడిగింది ఆ రోడ్‌స్టర్ డ్రైవరే. రేసయ్యాక "అన్నా, ఈ రోజు చేతులు వణుకుతున్నాయి" అన్నాడు.

ఆ రాత్రి స్టీవార్డ్‌ల దగ్గరికి మూడు ఫిర్యాదులొచ్చాయి, మూడూ మొదటి ల్యాప్‌వే.

ఆ మొదటి ల్యాప్ ఇంకా కుదరలేదు. నిలబడి స్టార్ట్ చేసినప్పుడు హ్యాచ్ ముందు టైర్లు తిరిగి చోటు పోగొట్టుకుంటుంది, కూపే దూసుకొస్తుంది, మొదటి చికేన్ దాకా మూడు రకాల వేగాలు ఒకేచోట కలుస్తాయి. కార్ల రకాన్ని బట్టి గ్రిడ్‌ని మూడు గుంపులుగా పెట్టి చూశాం, ఎవరికీ నచ్చలేదు. వచ్చే రెండు రాత్రులు అందరూ ఒప్పుకున్న వేగంతో వరుసగా వచ్చి, గీత దాటాకే పోటీ మొదలుపెట్టే రోలింగ్ స్టార్ట్ ప్రయత్నిస్తున్నాం. తర్వాతి ట్రాక్ లగూనా సెకా. 3.602 కిలోమీటర్లు, చెప్పుకోదగ్గ పొడవాటి స్ట్రెయిట్ లేదు, కార్క్‌స్క్రూ మలుపుల దగ్గర గట్టి దిగుడు. దానికి మజియోనే పట్టికతోనే మొదలుపెట్టి, ఆరుగురు డ్రైవర్లతో ఈ వారం నడిపిస్తున్నాను. కూపే రిస్ట్రిక్టర్ ఇంకో మెట్టు సడలించాల్సి వస్తుందని నా అంచనా.